పద్నాలుగు బెల్టులు

ఇరవై రెండేళ్ళపాటు ఆయన తన వెనక ఏముందో తెలియకుండా రోడ్ల మీద తిరిగాడు. ఇందులో వేదాంతమేమీ లేదు. ఆయన కంటైనరు బండి డ్రైవరు. గోదామువాళ్ళు ఆ పొడవాటి ఇనప్పెట్టెలో సరుకు నింపి, తలుపులు మూసి, గడియకు నంబరున్న సీలు వేసి, కాగితం చేతికిచ్చేవారు. అవతలి ఊళ్ళో ఇంకెవరో ఆ నంబరు సరిచూసుకుని సీలు తెంపేవారు. మధ్యలో ఆయన మోసింది మందులో, మేకులో, మంచాలో భగవంతుడికీ కాగితానికీ తెలియాలి. సీలు మీద చెయ్యి వేసిన డ్రైవరు దొంగ కింద జమ. ఆయన వెయ్యలేదు. బండి దిగిన ప్రతిచోటా మొదటి మాటగా "సీలు చూసుకోండి" అనేవాడు కాబట్టి జనం సీలాయన అని పేరు పెట్టారు. ఆయన దాన్ని సన్మానసభలో ఇచ్చిన బిరుదులాగే స్వీకరించాడు.

కోపం ఆయనకు పుట్టుకతో రాలేదు. యాభై ఒకటో ఏట, ఒక మంగళవారం, వాష్‌బేసిన్ల రూపంలో వచ్చింది.

ఆ రోజు బయల్దేరిన పది నిమిషాలకి, మొదటి మలుపులో, పెట్టె లోపల ఏదో ధబ్బుమంది. రెండో మలుపులో మళ్ళీ. నాలుగో మలుపుకి లోపల ఎవరో ఆలుమగలు సామాన్లు విసురుకుంటున్నట్టు చప్పుళ్ళు. సీలాయన బండి పక్కకు తీసి ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆఫీసులో బండ్లు పంపే ఇన్‌చార్జి ఆయన భార్య తమ్ముడే.

"ఒరేయ్, వెనకాల ఏదో దొర్లుతోందిరా. తలుపు తీసి చూడనా?"

"సీలు ముట్టుకోకు బావా. నీ పని నడపడం."

"పగిలేవైతే పగులుతాయి మరి."

"పగిలితే గోదామువాడి సంగతి నేను చూసుకుంటాగా. నువ్వు పోనియ్."

ఇంకో గంట తర్వాత మళ్ళీ చేశాడు. అదే జవాబు వచ్చింది, ఈసారి 'బావా' లేకుండా. మూడు వందల కిలోమీటర్లు ఆ చప్పుళ్ళు వింటూ, మలుపుల దగ్గర పురిటి మనిషిని తీసుకెళ్తున్నట్టు బండి నడిపాడు. అవతల సీలు తెంపారు. నంబరు సరిపోయింది. బేసిన్లు మాత్రం ముక్కలై గుమ్మం దాకా వచ్చి ఎదురుచూస్తున్నాయి. ఒక్కదాని కిందా ఆనింపు పెట్టలేదు, ఒక్క తాడూ కట్టలేదు.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. 'వాహనచోదకుని నిర్లక్ష్య ధోరణి వలన సరుకు ధ్వంసమైనదనియు, సదరు విషయము సకాలములో కార్యాలయమునకు తెలియపరచలేదనియు' అందులో ఉంది. కింద సంతకం బామ్మర్దిది. గుండ్రటి చక్కటి సంతకం.

ఆదివారం ఆ సంతకం భోజనానికి వచ్చింది.

"నేను నీకు రెండుసార్లు ఫోన్ చెయ్యలేదట్రా?" అన్నాడు సీలాయన, కంచం ముట్టుకోకుండా.

"చేశావు బావా. కాదన్నానా? ఫోన్లో మాట కాగితం మీద ఉండదు కదా మరి. ఎవరో ఒకరి పేరు రాయాలి. గోదాము మేనేజరు పేరు రాస్తే వాడు నా పేరు రాస్తాడు. నీ పేరు రాస్తే నువ్వెవరి పేరు రాస్తావు? ఇంట్లోవాడివి."

బంధుత్వానికి ఇంత సూటైన నిర్వచనం సీలాయన అప్పటిదాకా వినలేదు.

"తినేటప్పుడు ఎందుకండీ ఆ గోల," అంది భార్య. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని పాత బట్టలు కొలతకు సరిచేస్తుంది. తమ్ముడికీ మొగుడికీ మధ్య కొలత మాత్రం ఆవిడకూ ఎప్పుడూ కుదర్లేదు. "వాడు మాత్రం ఏం చేస్తాడు, ఉద్యోగం."

"నాది సరదానా?" అని లేచాడు. చెయ్యి కడుక్కోవలసిన పనిలేదు. తినలేదు కాబట్టి.

మర్నాడు తాళంచెవులు బల్ల మీద పెట్టేశాడు. చూడని పాపం ఇక మొయ్యను, కళ్ళెదుట ఉన్నదే మోస్తాను, నా చేత్తో నేను కట్టిందే మోస్తాను అని శపథం చేసి, ఊరి రెండో చివర ఫ్లాట్‌బెడ్ ట్రైలర్లు నడిపే ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఫ్లాట్‌బెడ్ అంటే గోడలూ, కప్పూ, తలుపులూ లేని బండి. చక్రాలున్న అరుగు. దాని మీద సరుకు పెట్టి, బెల్టులతో గొలుసులతో కట్టి, అవసరమైతే టార్పాలిన్ కప్పుకుని పోవాలి. కట్టడం డ్రైవరు బాధ్యత. మూడు నెలలు పరీక్ష. ఈలోగా ఒక్క లోడు పాడైనా ఇంటికే అని ఓనరు కాగితం మీద రాయించుకున్నాడు. ఆ వయసులో ఇంకెవరూ పనివ్వరని ఇద్దరికీ తెలుసు. 'ఇంటికే' అంటే ఎక్కడికో కూడా సీలాయనకు తెలుసు. "నీ సీటు ఖాళీగానే ఉంచా బావా, నీకోసం," అని బామ్మర్ది అప్పటికే కబురు పెట్టాడు. ఉత్తరం కన్నా ఆ దయే ఎక్కువ మండింది.

మొదటిరోజు ఇనప కడ్డీల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. నలభై అడుగుల ట్రైలరును, సూదిలో దారం ఎక్కించినట్టు, ఒక్క దెబ్బలో వెనక్కి నడిపించి గోదాము గట్టుకు ఆనించాడు. హుందాగా దిగి, వెనక్కి నడిచి, చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అక్కడే గాల్లో ఉండిపోయింది.

క్రేను నడిపేవాడు పైనుంచి తొంగిచూశాడు. "ఏం వెతుకుతున్నారు గురువుగారూ?"

"తలుపు," అనేశాడు సీలాయన. ఇరవై రెండేళ్ళ అలవాటు నోటికి అడ్డు చెప్పనివ్వలేదు.

"తలుపులు ఈ నెల రాలేదండీ," అన్నాడు క్రేనువాడు ఎంతో వినయంగా. "వచ్చేదాకా పక్కనుంచి ఎక్కిస్తున్నాం."

ఈ సంభాషణ సీలాయన కంటే ముందు కంపెనీ బండ్లు నిలిపే యార్డుకు చేరింది.

యార్డులో కట్లు చూసే పెద్దావిడను అందరూ యార్డక్క అంటారు. అరవై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు తనే ట్రైలరు నడిపి, మోకాళ్ళు మొరాయించాక ఈ పనికి దిగింది. ప్రతి బెల్టునీ అరచేత్తో చరిచి, చెవొగ్గి వింటుంది. ఆవిడ తలూపితే తప్ప బండి గేటు దాటదు. సీలాయన కట్టిన మొదటి కట్టును ఆవిడ చరిచింది, విన్నది, ఇంకోసారి చరిచింది.

"తమ్ముడూ, ఇది ఎవరి మీద?"

"అంటే?"

"ఇంత లాగావు. ఎవర్ని అనుకుని లాగావు?"

"కదలకూడదని లాగానక్కా."

"బెల్టు పని సరుకును పట్టుకోవడం. పగ తీర్చుకోవడం కాదు. ఆ చక్రం రెండు పళ్ళు వెనక్కి వదులు."

అత్త మీద కోపం దుత్త మీద చూపడం మన పూర్వుల పద్ధతి. సీలాయన బామ్మర్ది మీద కోపాన్ని బెల్టు మీద చూపాడు. బెల్టు బిగించడానికి పళ్ళచక్రమూ, ఒక చేతిపిడీ ఉంటాయి. పిడి లాగిన కొద్దీ కిర్రు కిర్రుమని ఒక్కో పన్నూ తిరిగి బిగువెక్కుతుంది. కిర్రుమన్నప్పుడల్లా ఆయనకు 'నిర్లక్ష్య ధోరణి' అని వినిపించేది. వానలో టార్పాలిన్ ఎగిరి మొహాన కొడితే తిట్టాడు. గొలుసు పాదం మీద పడితే తిట్టాడు. అరచేతులు బొబ్బలెక్కితే ఆ బొబ్బలతోనే ఇంకో పన్ను లాగాడు. పాత ఇనుములోంచి మూడడుగుల గొట్టం ఒకటి సంపాదించి, పిడికి తొడిగి లాగడం మొదలుపెట్టాడు. గొట్టంతో మనిషి బలం మూడింతలవుతుందని చదువుకున్నవాళ్ళు చెబుతారు. కోపం ఎన్నింతలవుతుందో ఎవరూ చెప్పలేదు.

సరుకు అంచులకు దెబ్బ తగలకుండా బెల్టు కింద పెట్టే ప్లాస్టిక్ గార్డులంటే ఆయనకు ఒళ్ళుమంట. అవి మెత్తగా ఉండి బిగువంతా తినేస్తాయని ఆయన సిద్ధాంతం. యార్డక్క ఎదురుగా మాత్రం పెట్టేవాడు.

రెండు నెలలు దాటి ఇరవై రోజులు గడిచాయి. ఒక్క లోడూ కదల్లేదు. ఆ ఆదివారం భోజనాల దగ్గర ఆ విషయం బామ్మర్దికి మూడుసార్లు చెప్పాడు.

"ఇల్లు వదిలి అరుగెక్కావు బావా," అన్నాడు వాడు నవ్వుతూ. "ఎండకు ఎండి, వానకు తడిసి. మా పెట్టెలో సరుకుకున్న సుఖం కూడా నీకు లేదే."

"నేను కట్టింది కదలదురా. మీ దాంట్లో లోపలేం జరుగుతుందో మీ దేవుడికి తెలీదు."

"ఎన్నాళ్ళులే. ఇంకో పది రోజులు చూద్దాం. ఒక్కటి జారకపోతుందా? సీటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు."

ముందుగదిలో భార్య పాదం మిషను మీద ఆగింది. "మీరిద్దరూ అలా లాక్కుంటే మధ్యలో ఉన్న గుడ్డ చిరిగిపోతుంది," అంది. ఎవరూ వినలేదు. ఆవిడ మళ్ళీ తొక్కింది.

సోమవారం లోడు పైకప్పు రేకులు. కొత్తగా కడుతున్న ఒక బడికి, నీలిరంగువి. ఎక్కించే చోట బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ముసలాయన ఒక్కో మోపునీ పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టినట్టు దించాడు. సీలాయన ఎనిమిది బెల్టులు వేశాడు, గార్డులన్నీ పెట్టాడు. యార్డక్క చరిచి, విని, తలూపింది.

ఎంత బాగా కట్టినా మొదటి యాభై కిలోమీటర్లకి ఆగి బెల్టులు సరిచూసుకోవాలన్నది ఆ పనిలో నియమం. సీలాయన ఆగాడు. 'ఒక్కటి జారకపోతుందా' అన్న మాట చెవిలో ఉంది. గార్డులు పీకి కేబిన్‌లో పడేశాడు. ఇంకో ఆరు బెల్టులు తీశాడు. గొట్టం తొడిగాడు. తర్వాత టీకి ఆగినచోట మరో పన్ను, డీజిలుకు ఆగినచోట మరో పన్ను, గేటు పడి ఆగినచోట ఊరికే ఉండలేక మరో పన్ను. పద్నాలుగు బెల్టులు. చరిస్తే తంబూరా మోగినట్టు మోగాయి.

బడి దగ్గర క్రేను వచ్చి నిలబడ్డాక ఒక్కొక్కటే విప్పాడు. లోడు వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజ్యం గెలిచినవాళ్ళు కూడా అంత తృప్తిగా నిలబడినట్టు చరిత్రలో దాఖలా లేదు.

స్టోరు గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చాడు. రేకుల అంచు మీద చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. బిగుతు లాగూ విప్పాక నడుం మీద మిగిలే అచ్చులాగా, రెండు పక్కలా పద్నాలుగేసి చోట్ల అంచులు కిందికి నలిగి వంగిపోయాయి. పైనుంచి పన్నెండో రేకు దాకా.

"ఇవి కప్పుకి వేస్తే వాన నేరుగా పిల్లల నెత్తినే పడుతుంది," అన్నాడు గుమాస్తా. "ఎవరు చేశారీ పని?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ ప్రశ్నకు జవాబు తెలిసి ఉండటం సీలాయనకు అదే మొదలు. తెలిసి ఉండటం ఎంత ఇబ్బందో కూడా అప్పుడే తెలిసింది.

గుమాస్తాయే ఆదుకున్నాడు. "మీకేం తెలుస్తుంది లెండి. ఎక్కించేచోట ఫోర్క్‌లిఫ్ట్‌వాడు ఏ చట్రంతోనో నొక్కేసి ఉంటాడు. 'లోడింగ్ సిబ్బంది నిర్లక్ష్యం' అని రాస్తున్నా. ఇక్కడో సంతకం పడేసి మీ దారిన మీరు పొండి."

ఇలాంటి ఘట్టంలో జీవితచరిత్రలు రాసేవాళ్ళు కథానాయకుడి అంతరాత్మ మేల్కొంది అంటారు. మేల్కోలేదు. సీలాయన పెన్ను తీసుకున్నాడు. ముసలాయన మోపు దించిన తీరు కళ్ళ ముందు ఆడింది. పది రోజులు గడిస్తే ఉద్యోగం ఖాయమన్నది కూడా ఆడింది. మొదటి అక్షరం రాశాడు.

గుమాస్తా మంచివాడే. మాట్లాడకుండా ఉండలేకపోవడం ఒక్కటే లోపం. "అయినా మనిషి చేత్తో ఇంత బిగువు ఎక్కడొస్తుంది లెండి. మిషనే చేసిందిది."

పెన్ను ఆగింది. "ఎందుకు రాదు?"

"రాదండీ. పాతికేళ్ళుగా చూస్తున్నా. మీ డ్రైవర్లు కట్టే కట్టులోంచి గర్భంతో ఉన్న పిల్లి కూడా జారిపోతుంది."

"డ్రైవర్లందరూ ఒకటి కాదు."

"ఎంత కాకపోయినా మనుషులేగా. పెట్టండి సంతకం."

"ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసా?" అన్నాడు సీలాయన. పెన్ను గుమాస్తా జేబులో పెట్టేశాడు. పక్కనున్న చెక్కల దొంతర మీదుగా ఒక బెల్టు విసిరి, కొక్కేలు తగిలించి, పిడికి గొట్టం తొడిగాడు. లాగాడు. గుమాస్తా నోరు తెరిచాడు. ఇంకా లాగాడు. పైచెక్క టప్‌మని రెండుగా విరిగింది.

"చూశారా?" అన్నాడు రొప్పుతూ. "మిషనా ఇది? ఈ చెయ్యి. ఆ పద్నాలుగూ ఈ చెయ్యే."

"చూశానండీ," అన్నాడు గుమాస్తా. కాగితం మీద రాసింది కొట్టేసి, కింద కొత్తగా రాశాడు: 'కట్టినది డ్రైవరే. ఎదుట చేసి చూపించినాడు.' అప్పుడు గానీ సీలాయనకు తనేం నిరూపించాడో అర్థం కాలేదు. సంతకం పూర్తిగా పెట్టాడు.

పాడైన పన్నెండు రేకులూ వెనక్కి ఎక్కించారు. తిరుగుదారిలో బామ్మర్దిని తిట్టాడు. గోదామును తిట్టాడు. గుమాస్తాను, వాడి పిల్లిని తిట్టాడు. అందరూ అయిపోయాక ఇంకా నూట పది కిలోమీటర్లు మిగిలాయి. బండిలో తిట్టడానికి ఇక ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి తిట్టినంత బూతులు మిగతావాళ్ళెవర్నీ తిట్టలేదు.

యార్డులో ఓనరు కాగితం చదివాడు. చెడ్డవాడు కాడు, రాసుకున్నది రాసుకున్నట్టు చేసే మనిషి. "ఒక్క లోడు పాడైతే ఇంటికే అనుకున్నాం కదండీ."

"అనుకున్నాం," అన్నాడు సీలాయన.

"ఫోర్క్‌లిఫ్ట్ అని రాస్తానన్నాడట కదా ఆయన. ఊరుకోలేకపోయారా?"

"లేకపోయాను."

యార్డక్క రేకుల అంచులు తడుముతోంది. "గార్డులేవి?"

"కేబిన్‌లో."

"నేను తలూపింది ఎనిమిదికి. ఇక్కడ గీతలు పద్నాలుగున్నాయి. నా వెనకాల కట్టావన్నమాట." ఆవిడ గొంతు పెంచలేదు. సీలాయన ఆ మధ్యాహ్నం విన్న తిట్లన్నిట్లోకీ అదే గట్టిది. "బాబూ, కాగితం ఒక్క నిమిషం పక్కన పెట్టు," అంది ఓనరుతో. "వీడికి కట్టడం వచ్చు. ఆపడం వచ్చో రాదో చూసి పంపిద్దాం."

అప్పుడే ఫోను మోగింది. బామ్మర్ది. ఇలాంటి వార్తలకు డీజిలు అక్కర్లేదు. "విన్నా బావా," అన్నాడు, పక్కవాళ్ళకీ వినిపించేంత గట్టిగా. గొంతులో సానుభూతి కారిపోతోంది. "బాధపడకు. సీటు ఉంది కదా."

సీలాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"కోపం వచ్చిందా?" అంది యార్డక్క.

"వచ్చింది."

"మంచిది. ఇప్పుడే కట్టు." ఆ పన్నెండు రేకుల మీదుగా ఒక బెల్టు వేయించింది. అంచు మీద గార్డు తనే పెట్టింది. గార్డు కింద, బెల్టుకూ రేకుకూ మధ్యనున్న సందులో తన చూపుడువేలు దూర్చింది. "గార్డు నలిగితే నా వేలు నలుగుతుంది. వదులైతే బాబు తోస్తాడు, రేకులు జారతాయి. ఏది జరిగినా మీ బామ్మర్ది సీటు నీదే. కానియ్."

"వేలు తియ్యక్కా."

"కానియ్యమన్నా."

అలవాటున చెయ్యి గొట్టం మీదకు పోయింది. ఆవిడ వద్దనలేదు. ఆయన గొట్టాన్ని చూశాడు, వేలిని చూశాడు, గొట్టం కింద పడేశాడు. ఒట్టి పిడి పట్టుకుని లాగాడు. కిర్రు. కిర్రు. మూడోదానికి జేబులో ఫోను మళ్ళీ మోగింది. మోగుతూనే ఉంది. మోగిన ప్రతిసారీ మోచెయ్యి దానంతటది వెనక్కి పోబోయింది, ఆయన దాన్ని ఎద్దును నిలవేసినట్టు నిలవేశాడు. నాలుగు. ఐదు. యార్డక్క మొహంలో ఏమీ లేదు. ఆవిడ మొహం చూసి ఏదీ తెలుసుకోలేమని గ్రహించి, కళ్ళు దించి గార్డును చూశాడు. మెల్లిగా ఆరు. గార్డు రేకును కరుచుకుని కూర్చుంది. చెయ్యి ఏడోదానికి సిద్ధమైంది. ఆయన పిడి వదిలేశాడు.

ఓనరు భుజంతో తోశాడు. తర్వాత కాలుతో తన్నాడు. తర్వాత నమ్మకం కుదరక ఇంకోసారి తన్నాడు. రేకులు జారలేదు. యార్డక్క వేలు బయటికి తీసి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కొంచెం కందింది, అంతే.

"మూడు నెలలూ మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు ఓనరు.

"మళ్ళీ మొదట్నుంచా?" సీలాయన గొంతు గేటు దాకా వినిపించింది. "రెండు నెలల ఇరవై రోజులు నా చర్మం ఊడదీసుకున్నానండీ. అదంతా ఏ గంగలో కలిసింది?"

"అరుచుకో, తప్పులేదు," అంది యార్డక్క, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "నోటితో ఎంతైనా అరుచుకో. రేపు ఆరింటికి గాజు పలకలు."

"గాజా?"

ఆవిడ అప్పటికే షెడ్డు వైపు నడుస్తోంది. జేబులో ఫోను మూడోసారి మోగింది. ఈసారి ఎత్తి, "సీటు ఎవరికన్నా ఇచ్చెయ్‌రా, నేను పనిలో ఉన్నాను," అని పెట్టేశాడు. తర్వాత ఆవిడ వెనకాలే పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళాడు.

"గాజుకి ఎన్ని బెల్టులు వెయ్యాలి?" అని అడిగాడు. కోపంగానే అడిగాడు.